నాలుగు గ్రాముల అరటి వాసన

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మన పిల్లలకు వచ్చే మార్కులు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క మార్కు తగ్గినా ఇంట్లో అడుగుతారు కాబట్టి తగ్గదు. అదే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, ఎస్టర్ చేశావు గదా, దిగుబడి ఎంతొచ్చింది?" అంటే "డెబ్బై ఎనిమిది శాతం సార్" అని ఠకీమని చెబుతాడు. "ఎన్ని గ్రాములొస్తే డెబ్బై ఎనిమిది శాతం అయింది?" అంటే మాత్రం గోడ వైపు చూస్తాడు. ఆ డెబ్బై ఎనిమిది వాడిది కాదు. పై క్లాసు కుర్రాడి రికార్డులోంచి దిగింది. అతనికి అంతకు ముందు బ్యాచి వాళ్లిచ్చారు. ఇంకా వెనక్కి పోతే నిజంగా తూచినవాళ్లెవరో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు.

ముక్త్యాల, వేదాద్రి, చిల్లకల్లు లాంటి ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేటకో నందిగామకో వెళ్లి బీఎస్సీ చదివే పిల్లలను మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. మాటల్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. పత్తి, మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చి కెమిస్ట్రీ తీసుకున్న పిల్లల్లో చాలామంది చూపు మందుల ఫ్యాక్టరీల మీద ఉంటుంది. హైదరాబాదు హైవే మీద చౌటుప్పల్ దగ్గర దివీస్ ఉంది. ఇటు విశాఖ పక్కన పరవాడ, ఇంకా పైకి పోతే పైడిభీమవరం. ప్రొడక్షన్ కెమిస్టుగానో క్యూసీలోనో చేరదామని బయోడేటా పట్టుకుని వెళ్తారు. అక్కడ మార్కుల లిస్టు ఒకసారి తిరగేసి పక్కన పెడతారు. తర్వాత అడిగే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: "నువ్వు స్వయంగా చేసిన ప్రాక్టికల్ ఒకటి చెప్పు."

డిగ్రీ మూడేళ్లలో పది ప్రయోగాలు చూసి ఉండవచ్చు, ఇరవై రాసి ఉండవచ్చు. ఒక్కదాన్నయినా మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో చేసి, వచ్చిన అంకెను మీ అంకెగా రాసుకోండి. అది అరవై అయినా సరే, నలభై అయినా సరే. ఆ ఒక్కదానికి ఎస్టర్‌ను మించిన ప్రయోగం నాకు కనపడలేదు.

ఎస్టర్ పరీక్ష ఇంటర్‌లో అందరూ చేసిందే. పరీక్ష నాళికలో కాస్త ఇథనాల్, కాస్త ఎసిటిక్ ఆమ్లం, రెండు మూడు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, వేడి నీళ్లలో పెట్టి, తీసి సోడియం బైకార్బొనేట్ నీళ్లలో పోస్తే పండ్ల వాసన వస్తుంది. ఆ నీళ్లలో ఎందుకు పోయమన్నారో చాలామందికి చెప్పలేదు. మిగిలిపోయిన ఆమ్లం వెనిగర్ వాసన కొట్టి, ఎస్టర్ వాసనను తొక్కేస్తుంది. బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని లవణంగా మారుస్తుంది, లవణానికి వాసన ఉండదు. వాసన రాలేదని "నెగెటివ్" రాసి వచ్చిన పిల్లల్లో సగం మందికి ఎస్టర్ వచ్చే ఉంటుంది.

డిగ్రీలో చేయాల్సింది ఇంకో మెట్టు పైన. నాళికలో వాసన చూసి వదిలేయకుండా, ఆ పదార్థాన్ని గ్రాముల్లో బయటికి తీయాలి. దీనికి ఐసోఅమైల్ ఎసిటేట్ అన్నిటికంటే అనువైనది. అరటిపండు వాసన దీనిదే. ఐసోఅమైల్ ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంతో కలిపి, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి మరిగిస్తే వస్తుంది. ఆమ్లాన్ని ఉత్ప్రేరకంగా వాడే ఈ పద్ధతిని 1895లో ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ ప్రకటించారు. ఫిషర్ పేరు మీదే ఇప్పటికీ పిలుస్తున్నాం.

ఇందులో అసలు పాఠం వాసన దగ్గర లేదు. ఈ చర్య పూర్తికాదు. ఎంత నైపుణ్యంతో చేసినా, ఎంతసేపు మరిగించినా పూర్తికాదు. ఎస్టర్‌తో పాటు నీరు కూడా పుడుతుంది. ఆ నీరు తిరిగి ఎస్టర్‌ను విడగొడుతూ ఉంటుంది. ఎంత పుడుతోందో అంతే విడిపోయే స్థితికి వచ్చాక ఇక అంకె కదలదు. 1862-63లో ఫ్రాన్స్‌లో బెర్తెలో, పెయాన్ ద సాంజిల్ అనే ఇద్దరు ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్‌లతో దీన్ని ఓపిగ్గా కొలిచారు. రెండూ సమాన మోల్‌లు తీసుకుంటే మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 67 శాతం దగ్గర ఆగిపోతుంది. సమతాస్థితి స్థిరాంకం 4 అని మీ పుస్తకంలో ఉన్న అంకెకు మూలం ఇదే.

ఇది తెలియని కుర్రాడు ఏం చేస్తాడు? తక్కువొచ్చిందని మంట పెంచుతాడు. లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇంకో మిల్లీలీటరు ఒంపుతాడు. ఫ్లాస్కు అడుగు నల్లబడుతుంది, అంతకు మించి జరిగేదేమీ ఉండదు. వేడి, ఉత్ప్రేరకం రెండూ ఆ 67కు త్వరగా చేరుస్తాయి, దాన్ని దాటించవు. దాటించాలంటే రెండే దారులు. ఒకటి, పుట్టిన నీటిని అక్కణ్ణుంచి తీసేయడం. డీన్-స్టార్క్ అనే గాజు పరికరం ఆ పనికే ఉంది. రెండోది, రెండు ముడిపదార్థాల్లో ఒకదాన్ని ఎక్కువ వేయడం. స్థిరాంకం 4 అనుకుని లెక్క కట్టి చూడండి. ఆమ్లాన్ని రెట్టింపు చేస్తే 67 కాస్తా 85 అవుతుంది. మూడు రెట్లు చేస్తే 90. మొదటి రెట్టింపు 18 పెంచింది, తర్వాతి మోతాదు 6 కూడా పెంచలేదు. పది రెట్లు వేసే తెలివితక్కువ పని ఎవరూ ఎందుకు చేయరో ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఈ లెక్క బల్ల మీద ఫ్లాస్కు ఎక్కించక ముందు చేయాలి. నోట్‌బుక్కులో వర్గ సమీకరణం ఒకటి, అయిదు నిమిషాల పని.

ఏది ఎక్కువ వేయాలి? ఈ ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోవాలి, ఎందుకంటే మాన్యువల్ చెప్పదు. చౌకగా దొరికేది, చివర్లో సులువుగా వదిలిపోయేది ఎక్కువ వేయాలి. ఎసిటిక్ ఆమ్లం చౌక. నీళ్లతో కడిగితే పోతుంది. ఐసోఅమైల్ ఆల్కహాల్ ఖరీదు ఎక్కువ, పైగా అది 131 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మన ఎస్టర్ 142 దగ్గర. ఇంత దగ్గరగా మరిగే రెంటినీ స్వేదనంతో విడదీయడం కాలేజీ ల్యాబులో అయ్యే పని కాదు. కాబట్టి ఆల్కహాల్ వీలైనంత వరకు అయిపోవాలి, ఆమ్లం మిగలాలి. ఇంటర్వ్యూలో "ఎసిటిక్ ఆసిడే ఎందుకు ఎక్కువ తీసుకున్నావ్?" అని అడిగితే ఈ రెండు వాక్యాలు చాలు. "బుక్కులో అలా ఉంది సార్" అన్న జవాబుకు ఉద్యోగం రాదు.

ఇక కొలతలు. ఐసోఅమైల్ ఆల్కహాల్ 5 మి.లీ. దాని సాంద్రత 0.81 కాబట్టి 4.05 గ్రాములు. అణుభారం 88తో భాగిస్తే 0.046 మోల్. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 7 మి.లీ., అంటే సుమారు 0.12 మోల్. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. ఆల్కహాల్ అంతా ఎస్టర్‌గా మారితే 0.046ను 130తో గుణించాలి, 5.98 గ్రాములు వస్తుంది. ఆ అంకెను పేజీ పైన రాసి గీత కొట్టండి. అంతకు మించి రావడానికి ప్రకృతి ఒప్పుకోదు.

ఈ చివరి మాట మన ప్రాంతం పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను. ముక్త్యాలలో కేసీపీ, జయంతిపురంలో రామ్‌కో, మధ్యలో సున్నపురాయి క్వారీలు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. బట్టీలోంచి 60 కిలోలు తీశానని ఎవరైనా చెబితే, అందులో కాలని రాయి ఉందని అర్థం. ఎస్టర్ కూడా 6 గ్రాములకు పైగా తూగిందంటే అందులో నీళ్లున్నాయి, లేదా ఆమ్లం ఉంది. 104 శాతం అని రాసి సంతకం పెట్టించుకున్న రికార్డులు నేను చూశాను. పెట్టినవాళ్లు చదవలేదు, రాసినవాళ్లు నవ్వుకోలేదు.

మూడు గంటల ప్రాక్టికల్‌లో ఇదంతా అవుతుందా అంటే, అవుతుంది. అయితే బస్సు టైము చూసుకుని చివరి అరగంటలో హడావిడి పడితే అవదు. మరిగించడానికే గంట కావాలి. అందుచేత వచ్చిన పదిహేను, ఇరవై నిమిషాల్లో ఫ్లాస్కు ఎక్కి ఉండాలి. హాజరు, ముచ్చట్లు, అటెండర్ కోసం వెతుకులాట అన్నీ అయ్యాక గంటకు మొదలుపెట్టిన బ్యాచి ఎప్పుడూ చివరి దాకా వెళ్లదు.

గుండ్రటి అడుగున్న ఫ్లాస్కులో ముందు ఆల్కహాల్, తర్వాత ఎసిటిక్ ఆమ్లం పోయండి. చలికాలం పొద్దున ఎసిటిక్ ఆమ్లం సీసాలో గడ్డ కట్టి కనపడితే పాడైందనుకోకండి. అది 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం చివర్లో, చుక్క చుక్కగా, ఫ్లాస్కును తిప్పుతూ వేయాలి. వేస్తుంటేనే అడుగు వేడెక్కడం చేతికి తెలుస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి. కాలేజీలో లేకపోతే కొనుక్కోండి. సెల్‌ఫోన్ గ్లాసుకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువేం కాదు.

నాలుగైదు చిన్న పింగాణీ ముక్కలు ఫ్లాస్కులో వేయాలి. లేకపోతే ద్రవం ఉన్నట్టుండి ఎగిసి కండెన్సర్ దాకా కొడుతుంది. మర్చిపోతే మంట తీసి, బాగా చల్లారాకే వేయండి. మరుగుతున్న ద్రవంలో వేస్తే మొత్తం ఒక్కసారిగా పొంగి పైకి వస్తుంది. కండెన్సర్‌కు నీళ్లు కింది నుంచి ఎక్కి పైనుంచి పోవాలి. ఏప్రిల్‌లో మన ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వెచ్చగా వస్తాయి. అరటి ఎస్టర్ 142 దగ్గర మరిగేది కాబట్టి ఆ నీళ్లతోనూ గడుస్తుంది. ఇథైల్ ఎసిటేట్ ఎంచుకుంటే గడవదు. అది 77కే మరుగుతుంది, సగం మీ ముక్కుకే పోతుంది. పైగా దాని ఆవిరికి నిప్పు చాలా త్వరగా అంటుకుంటుంది, పక్క బల్ల మీద బర్నరు ఉంటే చాలు. మన అరటి ఎస్టర్‌కు హీటింగ్ మాంటిల్ ఉంటే మాంటిల్, లేకపోతే ఇసుక బాత్.

ఫ్లాస్కు మరగడం మొదలయ్యాక ఒక గంట ఖాళీ. పిల్లలు ప్రాక్టికల్ పోగొట్టుకునేది ఈ గంటలోనే. బయట చెట్టు కిందికి వెళ్తారు, వచ్చేసరికి నీళ్ల పంపు ఆగిపోయి ఉంటుంది. ఆ గంటలో చేయాల్సిన పని బోలెడు. బైకార్బొనేట్ 5 శాతం ద్రావణం, ఉప్పు సంతృప్త ద్రావణం కలిపి పెట్టుకోవాలి. సెపరేటింగ్ ఫన్నెల్ స్టాప్‌కాక్ లీకవుతోందేమో నీళ్లు పోసి చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చివర్లో ఎస్టర్ పట్టుకునే చిన్న ఫ్లాస్కును ఖాళీగా ఉండగా తూచి, ఆ బరువు అప్పటికప్పుడు రాయాలి. దిగుబడి అంకె కాపీ కొట్టాల్సిన గతి పట్టేది చాలాసార్లు ఇక్కడే. ఖాళీ ఫ్లాస్కు బరువు లేకపోతే చేతిలో ఎస్టర్ ఉన్నా అది ఎంతో చెప్పలేరు. అప్పుడిక పై క్లాసు రికార్డే దిక్కు.

గంట తర్వాత చల్లార్చి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి, 15 మి.లీ. చల్లటి నీళ్లు కలపండి. రెండు పొరలు విడిపోతాయి. నీళ్లు కింద, ఎస్టర్ పైన. మిగిలిన ఎసిటిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలావరకు నీళ్లలోకి దిగుతాయి. కింది పొరను ఒక బీకర్లోకి దింపి, బైకార్బొనేట్ ద్రావణం 10 మి.లీ. పోయండి. కార్బన్ డయాక్సైడ్ బుసబుసమని పొంగుతుంది. సున్నపురాయి మీద ఆమ్లం చుక్క వేస్తే నురగ వచ్చేదీ ఇదే వాయువుతో. క్వారీలో జియాలజిస్టు రాయిని గుర్తుపట్టేది ఆ నురగతోనే. రాయి మీదయితే ఆ వాయువు గాలిలోకి పోతుంది. మూత పెట్టిన ఫన్నెల్‌లో పోవడానికి దారి లేదు. మూత పెట్టగానే ఊపేస్తే అది మూతను ఎగరగొట్టి, మీ గంట కష్టాన్ని చొక్కా మీద పోస్తుంది. కాబట్టి ముందు మూత లేకుండా నెమ్మదిగా తిప్పండి. నురగ తగ్గాక మూత పెట్టి, ఫన్నెల్‌ను తలకిందులు చేసి, కాడను ఎవరి ముఖం వైపూ లేకుండా పట్టుకుని స్టాప్‌కాక్ తెరవండి. 'ఫుస్' అని చప్పుడొస్తుంది. మూసి ఒకసారి ఊపండి, మళ్లీ తెరవండి. చప్పుడు రావడం ఆగేదాకా ఇంతే. ఇంకోసారి బైకార్బొనేట్‌తో కడిగి, దిగిన నీటిని నీలి లిట్మస్‌తో చూడండి. ఎర్రబడకపోతే ఆమ్లం పోయినట్టే. చివర్న ఉప్పు నీళ్లతో ఒకసారి.

ఏ పొరనూ పారబోయకండి. ఎస్టర్ మీ చేతికి వచ్చి, తూచి, రాసుకునేదాకా ప్రతి పొరా ఒక బీకర్లో పేరు రాసి బల్ల మీద ఉండాలి. ఎస్టర్ ఎప్పుడూ పైనే ఉంటుందని బట్టీ పట్టిన పిల్లలను మిథైల్ సాలిసిలేట్ ముంచేస్తుంది. నొప్పి బామ్ డబ్బా మీద గంధపూర తైలం అని రాసి ఉంటుంది చూడండి, ఆ వాసన దీనిదే. దాని సాంద్రత 1.18. నీళ్ల కంటే బరువు, కాబట్టి అది అడుగుకు దిగుతుంది. కింది పొర నీళ్లే గదా అని సింకులో ఒంపినవాళ్లకు చివర్లో మిగిలేది నీళ్లే. అనుమానమొస్తే ఒక చుక్క నీరు పైనుంచి వేసి చూడండి. ఆ చుక్క ఏ పొరలో కలిసిపోతే అది నీళ్ల పొర.

ఎస్టర్ పొరలో ఇంకా తడి ఉంటుంది, చూడ్డానికి మసగ్గా కనపడుతుంది. అనార్ద్ర సోడియం సల్ఫేట్ ఒక గ్రాము వేసి తిప్పండి. ముందు ముద్దలు కడుతుంది. ఇంకొంచెం వేస్తే, కొత్తగా వేసిన పొడి అంటుకోకుండా ఫ్లాస్కు అడుగున కదులుతుంది. అది చాలన్న గుర్తు. పది నిమిషాలాగితే ద్రవం తేటపడుతుంది. దాన్ని ఒంపి స్వేదనం చేస్తూ 136 నుంచి 143 డిగ్రీల మధ్య వచ్చేది, తూచిపెట్టుకున్న ఫ్లాస్కులో పట్టండి.

నాలుగు గ్రాములు దాటితే బాగా చేసినట్టు. 4.2 గ్రాములొస్తే 70 శాతం. మనం వేసిన నిష్పత్తికి స్థిరాంకం 4 అనుకుని లెక్క కడితే, చర్య మహా అయితే 89 దగ్గర ఆగాలి. మిగతా 19 ఎక్కడ పోయింది? కొంత నీళ్లలో కరిగింది. కొంత సోడియం సల్ఫేట్ పొడికి అంటుకుంది. కొంత ఫన్నెల్ గోడలకు, కండెన్సర్ లోపల సన్నటి పొరగా ఉండిపోయింది. కొంత 136 లోపే వచ్చేసి ఇంకో బీకర్లో ఉంది. వీటిని పక్కన రాయండి. వీలైతే ఆ బీకర్ కూడా తూచండి. ఆ పేజీ మీ సొంతం అవుతుంది.

వాసన చూసేటప్పుడు ఫ్లాస్కు మూతికి ముక్కు ఆనించకండి. చేత్తో ఆవిరిని ముక్కు వైపు విసురుకోవాలి. అరటి వాసన గుప్పుమంటుంది, కాసేపటికి ముక్కు అలవాటు పడి అసలేమీ తెలియదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, ఇది మాన్యువల్లో ఉండదు. తేనెటీగ కుట్టినప్పుడు మిగతా ఈగలను పిలవడానికి వదిలే రసాయనంలో ఈ ఐసోఅమైల్ ఎసిటేటే ఉందని 1962లో కనుక్కున్నారు. మన కాలేజీల నీళ్ల ట్యాంకుల కింద, పాత భవనాల సన్‌షేడ్ల కింద తేనెపట్లు మామూలే. చేతులు కడుక్కోకుండా, ఎస్టర్ ఒలికిన కోటుతో అటు వెళ్లకండి. స్నేహితులకు చూపించడానికి సీసాలో పెట్టుకుని అసలే వెళ్లకండి.

క్విక్‌ఫిట్ గాజు సామాను లేని ల్యాబుల్లో ఆస్పిరిన్ చేయండి. అదీ ఎస్టరే. సాలిసిలిక్ ఆమ్లానికి రెండు వైపులున్నాయి. ఆమ్లం వైపు మెథనాల్‌ను తగిలిస్తే కీళ్లకు రాసుకునే తైలం. హైడ్రాక్సిల్ వైపు ఎసిటైల్‌ను తగిలిస్తే తలనొప్పి మాత్ర. రెండు గ్రాముల సాలిసిలిక్ ఆమ్లానికి సిద్ధాంతం ప్రకారం 2.6 గ్రాముల ఆస్పిరిన్ రావాలి. ఘనపదార్థం గనుక స్వేదనం అక్కర్లేదు. వడగట్టి, ఆరబెట్టి, తూచడమే. స్వచ్ఛంగా ఉందో లేదో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క చెబుతుంది. ఊదా రంగు వస్తే సాలిసిలిక్ ఆమ్లం మిగిలే ఉంది. ఇందులో వాడే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ మత్తుమందుల చట్టం కింద నియంత్రిత పదార్థం. కాలేజీలో దానికి లెక్క రాస్తారు. మీకు అయిదు మి.లీ. ఇచ్చి సంతకం పెట్టమంటే విసుక్కోకండి. ఇంకొకటి: మీరు చేసిన ఆస్పిరిన్ నోట్లో వేసుకోవడానికి కాదు. మిథైల్ సాలిసిలేట్ సంగతయితే మరీనూ, పిల్లలు కొద్దిగా మింగినా ప్రాణం మీదికొస్తుంది.

రికార్డు గురించి ఒక మాట. మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డు అని ఉంటుంది. పని జరుగుతున్నప్పుడే అందులో రాయాలి, సాయంత్రం గుర్తు చేసుకుని రాయకూడదు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, దిద్ది రాయకూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. కింద ఉన్న పాత అంకె కూడా చదవడానికి కనపడాలి. మందు బాగున్నా రికార్డు నమ్మదగింది కాకపోతే అమెరికా వాళ్ల తనిఖీలో ఆ ఫ్యాక్టరీకే ముప్పొస్తుంది. మూడేళ్లు తెల్లటి రికార్డు అందంగా కాపీ రాసిన చేతికి ఈ అలవాటు ఆర్నెల్లలో రాదు. అబ్జర్వేషన్ బుక్కులో మరకలు పడనివ్వండి. ఎస్టర్ చుక్క పడి సిరా అలికినా ఫర్వాలేదు.

ఇంటర్వ్యూలో ఒక అమ్మాయి ఇలా చెప్పిందనుకోండి.

"దిగుబడి ఎంతమ్మా?"

"ఆరు గ్రాములు రావాలి సార్, 3.7 వచ్చింది. అరవై రెండు శాతం."

"మరీ తక్కువ గదా, మిగతాది ఏమైంది?"

"చర్యే తొంభై దగ్గర ఆగిపోతుంది సార్. తర్వాత సోడా నీళ్లతో కడిగేటప్పుడు గ్యాస్ తీయడం ఆలస్యం చేశాను. మూత ఎగిరి కొంత పోయింది. ఎంత పోయిందో తూచలేదు."

ఆ చివరి మాట వినగానే బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు, మాట సాగుతుంది. డెబ్బై ఎనిమిది శాతం అని చెప్పి గోడ చూసినవాడితో ఆ సంభాషణ అక్కడే ఆగిపోతుంది. తక్కువ దిగుబడిని చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లలే మన దగ్గర ఎక్కువ. ఇంట్లో పత్తి ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వచ్చిందో, ఎందుకు తగ్గిందో నాన్న పది మందిలో కూర్చుని చెబుతాడు. చీడ పట్టిందంటాడు, వాన ఎక్కువైందంటాడు. లెక్క దాచడు.

కాలేజీ నుంచి రావాల్సింది కూడా ఉంది. ఒకే ఫ్లాస్కు చుట్టూ పదిహేను మందిని నిలబెట్టి "చూశారుగా, రాసుకోండి" అనే ప్రాక్టికల్‌లో ఎవరికీ సొంత అంకె రాదు. ఇద్దరికో ముగ్గురికో ఒక సెట్టు కావాలి. వారానికి ఒక బ్యాచి చొప్పున తిప్పితే నాలుగు సెట్లతో ఒక క్లాసు గడుస్తుంది. ఆ మార్పు లెక్చరర్ చేతిలో ఉంటుంది, అడగాల్సింది విద్యార్థులు.

వచ్చే ప్రాక్టికల్‌కు ముందు రోజే వెళ్లి అడగండి. మీరు, మీ పక్కన కూర్చునే వాళ్లు కలిసి పేర్లు ఇవ్వండి. ఐసోఅమైల్ ఆల్కహాల్ అయిదు మి.లీ., క్విక్‌ఫిట్ సెట్టు ఒకటి, మూడు పీరియడ్లు కలిపి ఒకేసారి కావాలని చెప్పండి. ఆల్కహాల్ లేదంటే ఆస్పిరిన్ అడగండి. చాలా కాలేజీల్లో ఆ గాజు సామాను కొన్న రోజు నుంచీ బీరువాలో అట్టపెట్టెలోనే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.